ఒకే యూనివర్సిటీ పేరున్న ఇంకో క్యాంపస్‌కి మారడం: అమెరికాలో పిల్లలు, నల్లగొండలో తల్లిదండ్రులు చేయాల్సిన పనులు

నల్లగొండ నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. పాప అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. చేస్తోంది, మొదటి సెమిస్టర్ నడుస్తోంది. అదే యూనివర్సిటీకి ఇంకో ఊళ్లో క్యాంపస్ ఉంది. అది వాళ్ల మేనమామ ఇంటికి దగ్గర, ఫీజు కూడా కొంత తక్కువ. “ఒకటే యూనివర్సిటీ గదా సార్, ఎన్‌జీ కాలేజీల టీసీ తీసుకొని ఇంకో కాలేజీల చేరినట్టు మారొచ్చా? బ్యాంకు లోను ఏమైతది? వీసా మళ్ల తీయాల్నా?” అని అడిగారు.

మారొచ్చు. పాస్‌పోర్టులో ఉన్న వీసా గడువు ఉన్నంతవరకు కొత్తది అక్కర్లేదు. కానీ టీసీతో అయ్యే పని మాత్రం కాదు. చాలా సందర్భాల్లో ఇది కొత్త కాలేజీకి కొత్తగా దరఖాస్తు పెట్టి, సీటు తెచ్చుకొని, ఆ తర్వాత ఇమిగ్రేషన్ రికార్డును అక్కడికి పంపించుకోవడం. సీటు రాకపోవచ్చు కూడా. కాబట్టి పాత క్యాంపస్‌లో ఏదీ వదులుకోకుండానే ముందు సీటు సంగతి తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఆ రెండు క్యాంపస్‌లు నిజంగా ఒకే యూనివర్సిటీయా, లేక ఒకే వ్యవస్థ కింద ఉన్న వేర్వేరు యూనివర్సిటీలా అని. మిస్సోరీ వ్యవస్థలో కొలంబియా, కాన్సస్ సిటీ, రోలా, సెయింట్ లూయిస్‌లలో ఉన్నవి నాలుగూ వేర్వేరు యూనివర్సిటీలే. టెక్సస్‌లో మన పిల్లలు ఎక్కువగా చేరే ఆర్లింగ్టన్, డాలస్ కూడా అంతే. ఇల్లినాయ్‌లో అర్బానా షాంపేన్, షికాగో, స్ప్రింగ్‌ఫీల్డ్ అదే తీరు. పైన పాలకమండలి ఒకటే అయినా అడ్మిషన్లు, ఫీజులు, సిలబస్, పట్టా అన్నీ ఎవరివి వాళ్లవే. ఇంకో రకం కూడా ఉంది. అరిజోనా స్టేట్‌కి ఫీనిక్స్ చుట్టుపక్కల నాలుగైదు చోట్ల క్యాంపస్‌లున్నా అది ఒకే యూనివర్సిటీ. పెన్ స్టేట్‌లో బ్యాచిలర్స్ విద్యార్థులు చిన్న క్యాంపస్‌లో మొదలుపెట్టి తర్వాత పెద్ద క్యాంపస్‌కి వెళ్లడం మామూలు పద్ధతి, దానికి విడిగా క్యాంపస్ మార్పు దరఖాస్తే ఉంటుంది.

మీ పాపది ఏ రకమో, విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఆమెకి ఇచ్చిన ఐ-20 కాగితం మీదే తెలుస్తుంది. మొదటి పేజీలో స్కూల్ సమాచారం ఉన్న గడిలో స్కూల్ పేరు, దాని కింద కోడ్ ఉంటాయి. మూడు ఇంగ్లిష్ అక్షరాలు, 214 అంకె, ఎఫ్ అక్షరం, తర్వాత అంకెల వరుస ఉండేదే ఆ కోడ్. వెళ్లదలచుకున్న క్యాంపస్ కోడ్‌ని వాళ్ల అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసి దీనితో పోల్చండి. చివరి మూడు అంకెలు మాత్రమే తేడా ఉంటే అవి ఒకే సంస్థ కింద నమోదైన క్యాంపస్‌లు. అప్పుడు పని సులువు: డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే అదే ఆఫీసు రికార్డు సరిచేసి కొత్త క్యాంపస్ పేరుతో ఐ-20 ఇస్తుంది. కోడ్ మొత్తం వేరుగా ఉంటే ఇక్కడి నుంచి చెప్పేదంతా మీకు వర్తిస్తుంది.

ఈ వ్యవహారంలో పిల్లలు ఎక్కువగా నష్టపోయేది క్రెడిట్ల దగ్గర. ఎం.ఎస్. సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు. సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, అంటే మూడు సబ్జెక్టులు చదువుతారు. బయట చదివిన క్రెడిట్లలో కొత్త యూనివర్సిటీ తీసుకునేది చాలాచోట్ల 6 లేదా 9 మాత్రమే. ఒకే వ్యవస్థలోని క్యాంపస్ అని కొన్నిచోట్ల కాస్త ఎక్కువ ఒప్పుకుంటారు కానీ అది హక్కు కాదు, ఆ డిపార్ట్‌మెంట్ ఇష్టం. ఒక్క సెమిస్టర్ అయ్యాక మారితే చేతిలో ఉన్నవి 9, పోయేవి మహా అయితే 3. రెండు సెమిస్టర్లు అయ్యాక మారితే చేతిలో ఉన్నవి 18, పోయేవి 9 నుంచి 12. క్రెడిట్‌కి వెయ్యి డాలర్లు అనుకున్నా 9 వేల నుంచి 12 వేల డాలర్లు నీళ్లపాలు. దానిపైన ఇంకో నాలుగైదు నెలల అద్దె, తిండి ఖర్చు, ఉద్యోగం అన్ని నెలలు ఆలస్యం. కొత్త క్యాంపస్‌లో ఫీజు తక్కువని మారినవాళ్లకు చివరికి ఖర్చు ఎక్కువయ్యేది ఇందుకే. నా మాట అడిగితే, ఎం.ఎస్. వాళ్లు మారితే మొదటి సెమిస్టర్ అయ్యాకే మారాలి. రెండు దాటాక, తగిన పెద్ద కారణం లేకపోతే ఉన్నచోటే పూర్తిచేయడం మేలు.

తీసుకునే క్రెడిట్లలో కూడా వడపోత ఉంటుంది. బి గ్రేడు కంటే తక్కువ వచ్చిన సబ్జెక్టును సాధారణంగా తీసుకోరు. బీటెక్‌లో లోటు పూడ్చుకోవడానికి చదివించే ప్రాథమిక కోర్సులను ఎం.ఎస్. క్రెడిట్లుగా లెక్కపెట్టరు. పేరు ఒకటే ఉండి సిలబస్ వేరైతే దానికి సమానమైన కోర్సు లేదంటారు. అందుకని ప్రతి సబ్జెక్టు సిలబస్ పీడీఎఫ్‌ను పాప ఇప్పుడే దాచుకోవాలి, యూనివర్సిటీ లాగిన్ పోయాక అవి దొరకవు. ఆ పీడీఎఫ్‌లు జతచేసి, కొత్త క్యాంపస్‌లో ఆ ప్రోగ్రాం గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టి, ఏ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లు ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టకముందే ఆ జవాబు రావాలి. గ్రేడు పాయింట్లు మాత్రం వెంట రావు. క్రెడిట్లు వస్తాయి, సగటు సున్నా నుంచి మొదలవుతుంది.

ఇక్కడే తేదీల ఇబ్బంది మొదలవుతుంది. మొదటి సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. జనవరిలో కొత్త క్యాంపస్‌లో చేరాలంటే అంతర్జాతీయ విద్యార్థుల దరఖాస్తు గడువు చాలాచోట్ల సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ముగుస్తుంది. అంటే పాప అక్కడికి చేరి నెలన్నర కాకముందే, ఒక్క మార్కు కూడా రాకముందే నిర్ణయం తీసుకోవాలి. అప్పటికి పాత క్యాంపస్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే సబ్జెక్టులు, గ్రేడులు చూపే అధికారిక పత్రంలో, సబ్జెక్టుల పేర్లు తప్ప గ్రేడులు ఉండవు. అది ఫర్వాలేదు, డిసెంబరులో ఫలితాలు వచ్చాక తుది ట్రాన్స్‌క్రిప్ట్ పంపిస్తామని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ గడువు దాటిపోతే తర్వాతి అవకాశం ఆగస్టే, అప్పటికి రెండు సెమిస్టర్లు అయిపోతాయి, పైన చెప్పిన నష్టం వస్తుంది. ఆగస్టుకే మారక తప్పదనుకుంటే, రెండో సెమిస్టర్ సబ్జెక్టులను కొత్త క్యాంపస్ ఒప్పుకునేవి చూసి ఎంచుకోవాలి.

బ్యాచిలర్స్ వాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఎక్కువ క్రెడిట్లే ఒప్పుకుంటారు కానీ పట్టా ఇచ్చే క్యాంపస్‌లో కనీసం ఇన్ని క్రెడిట్లు చదవాలన్న షరతు ఉంటుంది, 30 చుట్టుపక్కల ఉండటం మామూలు. కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌ల మధ్య మారాలన్నా మళ్లీ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తే, తర్వాతి ఆగస్టు సెప్టెంబరుల చదువుకు ముందు ఏడాది అక్టోబరు, నవంబరుల్లోనే పెట్టాలి. సీట్లలో మొదటి మొగ్గు ఆ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల (రెండేళ్ల చదువుల కాలేజీల) పిల్లలకే ఉంటుంది.

కొత్త దరఖాస్తు అనగానే ఇండియా సర్టిఫికెట్లు మళ్లీ కావాలి. పాత క్యాంపస్‌కి పంపిన సీల్ కవర్లను అక్కడి నుంచి కొత్త క్యాంపస్‌కి తిప్పి పంపరు, వ్యవస్థ ఒకటే అయినా. దరఖాస్తు సమయంలో స్కాన్ కాపీలు చాలు, సీటు ఖాయమయ్యాక అసలు ట్రాన్స్‌క్రిప్ట్ అడుగుతారు. డిగ్రీ జేఎన్‌టీయూలో అయితే అక్కడ, ఎంజీయూలో (నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలో) అయితే అన్నెపర్తిలోని పరీక్షల విభాగంలో, పాలమూరు యూనివర్సిటీ వాళ్లైతే మహబూబ్‌నగర్‌లో ట్రాన్స్‌క్రిప్ట్‌లకి ఇప్పుడే దరఖాస్తు పెట్టి రెండు మూడు సెట్లు అదనంగా తీసుకోండి. కవరు మూత మీద సంతకం, ముద్ర పడ్డాక దాన్ని ఇంట్లో ఎవరూ చింపొద్దు, చింపిన కవరును అక్కడ అంగీకరించరు. పాప అక్కడుంది కాబట్టి మీరు వెళ్లడానికి ఆమె సంతకంతో ఆథరైజేషన్ లెటర్, ఆమె గుర్తింపు కాగితం నకలు, మీ ఆధార్ వెంట పెట్టుకోండి.

సీటు వచ్చింది అనుకుందాం. ఇప్పుడు ఇమిగ్రేషన్ రికార్డు. ప్రతి ఎఫ్-1 (విద్యార్థి వీసా) విద్యార్థి వివరాలు సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో ఉంటాయి, వాటిని చూసే యూనివర్సిటీ అధికారిని డీఎస్‌ఓ అంటారు. కొత్త క్యాంపస్ ఒక ట్రాన్స్‌ఫర్ ఫారం ఇస్తుంది, అందులో పాత డీఎస్‌ఓ సంతకం కావాలి. పాత డీఎస్‌ఓకి సీటు లెటర్, కొత్త స్కూల్ కోడ్ ఇచ్చి రికార్డు విడుదల తేదీ కోరాలి. ఆ తేదీ రాగానే రికార్డు కొత్త క్యాంపస్ చేతికి వెళ్తుంది. అప్పుడు వాళ్లు ట్రాన్స్‌ఫర్ పెండింగ్ అని రాసి ఉన్న కొత్త ఐ-20 ఇస్తారు. పాప అక్కడికి వెళ్లి, సబ్జెక్టులు రిజిస్టర్ చేసుకొని, ఐ-20లో ఉన్న ప్రోగ్రాం మొదలు తేదీ నుంచి 15 రోజుల్లోపు కొత్త డీఎస్‌ఓకి రిపోర్ట్ చేయాలి. అప్పుడు పెండింగ్ పోయి మామూలు ఐ-20 వస్తుంది. ఎన్‌తో మొదలయ్యే సెవిస్ నంబరు పాతదే ఉంటుంది, అందుకే 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టొద్దు. ఎవరైనా కట్టమంటే ఎందుకో అడగండి.

విడుదల తేదీని ఎంచుకోవడంలో తొందర పనికిరాదు. చివరి పరీక్ష అయ్యి, గ్రేడులు పడ్డాక ఉండే తేదీ పెట్టించుకోవాలి. తేదీ రాకముందైతే మనసు మార్చుకొని రద్దు చేయించుకోవచ్చు. ఆ రోజు దాటాక పాత డీఎస్‌ఓ చేతిలో ఏమీ ఉండదు, తిరిగి రావాలన్నా కొత్త క్యాంపస్ నుంచే మళ్లీ ట్రాన్స్‌ఫర్ చేసుకోవాలి. అంతేకాదు, పాత క్యాంపస్‌లో చేస్తున్న పని కూడా ఆ రోజుతో ఆగిపోవాలి. లైబ్రరీలోనో డైనింగ్ హాల్‌లోనో పార్ట్‌టైమ్ చేసేవాళ్లు “సెలవుల్లో ఇంకో వారం చేస్తే జీతం వస్తది” అని కొనసాగిస్తే అది అనుమతి లేని పని కింద లెక్క, అమెరికాలో చట్టబద్ధంగా విద్యార్థిగా ఉండే స్టేటస్‌కే ముప్పు. సీపీటీ (చదువుతుండగా ఇంటర్న్‌షిప్‌కి ఇచ్చే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేస్తున్నా, ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నా అదీ అదే తేదీతో ముగుస్తుంది.

రెండు చదువుల మధ్య ఖాళీ ఐదు నెలలు దాటకూడదు. మేలో సెమిస్టర్ ముగించి ఆగస్టులో కొత్త క్యాంపస్‌లో చేరితే ఇబ్బంది లేదు. డిసెంబరులో పాతది ఆపేసి, జనవరికి సీటు రాలేదని ఆగస్టు దాకా కూర్చుంటే ఐదు నెలలు దాటుతుంది. జనవరికి సీటు రాకపోతే పాత క్యాంపస్‌లోనే రెండో సెమిస్టర్ చదవాలి. మధ్యలో చదువు మానేసి ట్రాన్స్‌ఫర్ అడిగితే కుదరదు, ఫుల్‌టైమ్ చదవని విద్యార్థికి ట్రాన్స్‌ఫర్ అర్హత ఉండదు, ముందు స్టేటస్ పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకోవాలి. అది నెలల తరబడి సాగే పని, ఫలితం ఖాయం కాదు. వీసా వచ్చిన కాలేజీలో ఒక్కరోజు కూడా కూర్చోకుండా ఇంకో కాలేజీకి వెళ్దామని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు.

2025 ఆగస్టులో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఎఫ్-1 నిబంధనలు మార్చాలని ఒక ప్రతిపాదన ప్రచురించింది. అందులో చదువు మధ్యలో మారడం మీద, ముఖ్యంగా పీజీ స్థాయిలో, గట్టి ఆంక్షలున్నాయి. అందుకని దరఖాస్తు ఫీజు కట్టేముందే పాప తన డీఎస్‌ఓకి, ఈ రోజుకి నా పరిస్థితిలో ట్రాన్స్‌ఫర్ కుదురుతుందా అని ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోవాలి.

ఆ ఈమెయిల్ పాపే పెట్టాలి, యూనివర్సిటీ ఇచ్చిన ఐడీ నుంచే. తండ్రి రాత్రి పదకొండింటికి మేల్కొని ఫోన్ చేసినా అక్కడ వివరాలు చెప్పరు. విద్యార్థి అనుమతి లేకుండా కన్నవాళ్లకైనా చదువు వివరాలు చెప్పకూడదని అక్కడ 1974 నుంచి చట్టం ఉంది. అలాగే ట్రాన్స్‌ఫర్ మొత్తం మేమే చేయిస్తామని లాగిన్, పాస్‌వర్డ్ అడిగే కన్సల్టెన్సీలకు అవి ఇవ్వొద్దు. మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తామని ఆశపెట్టే కాలేజీల వైపు మళ్లించడం వాళ్లలో కొందరికి అలవాటు. మామూలుగా సీపీటీకి ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి. పాత క్యాంపస్‌లో చదివిన సెమిస్టర్‌ను ఆ ఏడాదిలో కలుపుతారా లేదా అన్నది కొత్త క్యాంపస్‌ను ముందే అడగండి. వేసవి ఇంటర్న్‌షిప్ దానిమీదే ఆధారపడి ఉంటుంది.

సెలవుల్లో పాప నల్లగొండ వచ్చి వెళ్లాలనుకుంటే కొత్త ఐ-20 చేతికి వచ్చాకే బయల్దేరడం మంచిది. విడుదల తేదీ దాటాక పాత ఐ-20తో తిరిగి అమెరికాలో దిగడం కుదరదు. వీసా స్టాంపు మీద పాత యూనివర్సిటీ పేరున్నా ఫర్వాలేదు, గడువుండి, చేతిలో కొత్త ఐ-20 ఉంటే చాలు. వీసా గడువు అయిపోతే మాత్రం కొత్త ఐ-20తో మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే.

ఫీజు లెక్కలో ఒక మెలిక ఉంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లకు స్థానికుల ఫీజు వర్తించే వెసులుబాటు ఉంది. అది ఆ యూనివర్సిటీ ఇచ్చింది, కొత్త క్యాంపస్‌కి వెంట రాదు. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో బోధనకో పరిశోధనకో సాయం చేసినందుకు ఇచ్చే జీతం, ఫీజు తగ్గింపు) కూడా అంతే. అందుకే వెబ్‌సైట్‌లోని ఫీజులు పోల్చడం కాదు, పాప ఇప్పుడు నిజంగా కడుతున్నది ఎంత, అక్కడ నిజంగా కట్టబోయేది ఎంత అని చూడాలి. పాత క్యాంపస్‌లో బకాయి ఉంటే చాలాచోట్ల ట్రాన్స్‌క్రిప్ట్ ఆపుతారు, చివరి పరీక్షకు ముందే అది తీర్చేయండి.

మీరు అడిగిన లోను విషయం. బ్యాంకు లోను మంజూరు చేసింది ఫలానా యూనివర్సిటీలో ఫలానా కోర్సుకి. ఒకే వ్యవస్థ అని మీరనుకున్నా బ్యాంకుకి అది వేరే కాలేజీయే. రెండో సెమిస్టర్ ఫీజు కోసం కొత్త క్యాంపస్ ఖాతా నంబరు తీసుకెళ్లినప్పుడు ఈ విషయం బయటపడితే, ఫీజు గడువు దాటి పాప రిజిస్ట్రేషన్ రద్దయ్యే దాకా వస్తుంది. కాబట్టి సీటు లెటర్ రాగానే బ్రాంచి మేనేజర్‌కి ఒక దరఖాస్తు ఇవ్వండి. అందులో పాత యూనివర్సిటీ, కొత్త యూనివర్సిటీ, మారడానికి కారణం, ఒప్పుకున్న క్రెడిట్లు, కోర్సు ముగిసే కొత్త తేదీ రాసి, సీటు లెటర్, ఫీజు వివరాల పేజీ, పాత సెమిస్టర్ గ్రేడులు జతచేసి, మీ నకలు మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. కొత్త ఐ-20 వచ్చాక అదీ ఇవ్వాలి. మంజూరు సవరించాక తల్లిదండ్రుల సంతకాలు మళ్లీ తీసుకునే అవకాశం ఉంది, ఇద్దరూ ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఇల్లో ప్లాటో తనఖా పెట్టి ఉంటే అది అలాగే కొనసాగుతుంది. లోను మొత్తం పెంచమంటేనే విలువ కట్టడం, లీగల్ ఒపీనియన్ మళ్లీ మొదలవుతాయి.

కొత్త ఐ-20 కోసం డబ్బు చూపించే కాగితాలు కూడా మీరే ఇక్కడి నుంచి పంపాలి. కొత్త క్యాంపస్ చెప్పే ఒక ఏడాది ఖర్చుకి, అంటే ఫీజు, బస, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి వచ్చే మొత్తానికి తగ్గకుండా బ్యాంకు నిల్వ లెటర్, లోను లెటర్ ఉండాలి. ఆరు నెలలు దాటిన కాగితాలను సాధారణంగా తీసుకోరు, కాబట్టి వీసాకి చూపిన పాతవి పనికిరావు. లెటర్‌లో తేదీ, ఖాతాదారు పేరు, నిల్వ, అధికారి సంతకం, ముద్ర ఉన్నాయా అని బ్యాంకులోనే చూసుకోండి. ఖాతాదారు పేరు పాస్‌పోర్టులో ఉన్న తండ్రి పేరుతో కలవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే పదిరోజులు ఉత్తరప్రత్యుత్తరాల్లో పోతాయి.

లోను నుంచి నేరుగా యూనివర్సిటీకి పంపే ఫీజు మీద 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు. సొంత పైసలు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీద వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి, అంటే అంబేద్కర్ పేరున లేదా మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున వచ్చే 20 లక్షలు పాపకి మంజూరై ఉంటే ఇంకా జాగ్రత్త. అది 10 లక్షల చొప్పున రెండు విడతలు, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాకే. మంజూరు పత్రంలో ఒక యూనివర్సిటీ పేరుండి, మార్కుల కాగితమో ఐ-20నో ఇంకో పేరుతో వస్తే ఫైలు ఆగుతుంది. మారకముందే కలెక్టరేట్‌లోని సంబంధిత సంక్షేమ శాఖ కార్యాలయంలో అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. వీలైతే పాత క్యాంపస్ మొదటి సెమిస్టర్ ఫలితాలతో రెండో విడత పని పూర్తిచేసుకొని కదలండి.

మారకుండానే పని జరిగే దారి ఒకటుంది. ఆ క్యాంపస్‌లో ఉన్న ఒక సబ్జెక్టు కోసమే అయితే, కొన్ని వ్యవస్థల్లో పక్క క్యాంపస్ కోర్సును ఉన్న క్యాంపస్‌లోనే ఉండి రిజిస్టర్ చేసుకోనిస్తారు. ఆన్‌లైన్‌లో చదివితే సెమిస్టర్‌కి ఒక్క కోర్సు, అంటే 3 క్రెడిట్లే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి, మిగతావి క్లాసులో కూర్చొని చదవాలి. ఎం.ఎస్. వాళ్లకు ఫుల్‌టైమ్ అంటే మామూలుగా 9 క్రెడిట్లు కాబట్టి ఇది ఇమిడిపోతుంది.

చివరిగా వాయిదాల సంగతి. ప్రభుత్వ బ్యాంకుల విద్యా లోనులో కోర్సు కాలం, దానిపైన ఒక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. బ్యాంకు కంప్యూటర్‌లో ఉన్నది పాత కోర్సు ముగిసే తేదీ. క్రెడిట్లు పోయి చదువు ఒక సెమిస్టర్ పెరిగితే, ఆ తేదీ మార్పించకపోతే పాప ఇంకా ఉద్యోగం వెతుక్కుంటుండగానే ఇక్కడ మీ ఖాతాలో ఈఎంఐ కోత మొదలవుతుంది, ఖాతాలో డబ్బు లేకపోతే పాపది, మీది ఇద్దరి సిబిల్ స్కోరూ పడుతుంది. కొత్త ఐ-20 ఇచ్చే రోజునే కోర్సు ముగింపు తేదీ మార్చమని విడిగా ఒక లెటర్ ఇచ్చి, నెల తర్వాత లోను స్టేట్‌మెంట్ తీయించి మొదటి వాయిదా తేదీ మారిందో లేదో చూసుకోండి.